సంతకం అమ్మది... ఆస్తి పిల్లలది

ఇంటి యజమాని వీలునామా రాయకుండా కన్నుమూస్తాడు. భార్య, చదువుకునే పిల్లలు మిగులుతారు. ఇంటి మీద అప్పు ఉంటుంది, లేదంటే ఫీజులకు డబ్బు కావాలి, లేదంటే ఊళ్లో ఉన్న రెండెకరాలు చూసుకునే మనిషి ఉండడు. అమ్ముదామని బేరం కుదుర్చుకుంటే కొనేవారి వకీలు కాగితాలు తిరగేసి ‘మైనర్ల వాటా ఉంది, కోర్టు పర్మిషన్ తెండి’ అంటాడు. కన్నతల్లిని నేనుండగా నా పిల్లల ఆస్తికి కోర్టు అనుమతి ఎందుకని ఆమె అడుగుతుంది. పత్రికల న్యాయ సలహా శీర్షికల్లో, వకీళ్ల ఆఫీసుల్లో ఏళ్ల తరబడి వినిపిస్తున్న ప్రశ్న ఇది. జవాబు మాత్రం మనిషికొకటి. తల్లి గార్డియన్‌గా సంతకం పెడితే చాలంటాడు దస్తావేజు లేఖరి. కుదరదంటాడు బ్యాంకు ప్యానెల్ వకీలు. నేను హామీ సంతకం పెడతానంటాడు పెదనాన్న. పిల్లలు మేజర్లయ్యాక ఒక కాగితం రాయించుకుంటే సరిపోతుందంటాడు మధ్యవర్తి. ఇంత అయోమయం ఉన్నా దీన్ని చట్టం లేకపోవడం వల్ల వచ్చిన చిక్కు అనలేం. చట్టం ఉంది, స్పష్టంగానే ఉంది. అమ్మకానికి ముందు తల్లిని నిలదీసే ఆ చట్టం రిజిస్ట్రేషన్ రోజున కనిపించదు. డబ్బు చేతులు మారాక అసలే కనిపించదు. అసలు లోపం అక్కడుంది.

హిందువులకు వర్తించేది 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం. మైనర్ స్థిరాస్తిలో ఏ భాగాన్నైనా అమ్మాలన్నా, తనఖా పెట్టాలన్నా, దానమివ్వాలన్నా, మార్పిడి చేయాలన్నా సహజ సంరక్షకులు ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలని దాని 8వ సెక్షన్ చెబుతుంది. ఐదేళ్లు మించిన లీజుకైనా, బిడ్డ మేజరైన తర్వాత ఏడాది దాటి సాగే లీజుకైనా ఇదే షరతు. అవసరం ఉన్నప్పుడు, లేదా మైనర్‌కు స్పష్టమైన లాభం కనిపించినప్పుడు మాత్రమే కోర్టు అనుమతించాలి. ఆస్తి ఏ జిల్లాలో ఉంటే అక్కడి జిల్లా కోర్టులో, హైదరాబాద్ లాంటి చోట సిటీ సివిల్ కోర్టులో పిటిషన్ వేయాలి. విచారణ పద్ధతి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం సాగుతుంది. అనుమతి లేకుండా అమ్మితే దస్తావేజు అప్పటికప్పుడు చెల్లకుండా పోదు. మైనర్, లేదా మైనర్ ద్వారా హక్కు పొందినవారు కోరితే మాత్రం రద్దవుతుంది.

ఈ నిబంధన వెనుక వందేళ్ల చరిత్ర ఉంది. మైనర్ ఆస్తి విషయంలో సంరక్షకుల అధికారం పరిమితమైనదని, కుటుంబ అవసరం కోసమో ఆస్తి మేలు కోసమో మాత్రమే వాడాలని 1856లో హనుమాన్ ప్రసాద్ పాండే కేసులో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. ఆ అవసరం నిజమా కాదా అని నిజాయతీగా వాకబు చేసుకునే బాధ్యత అప్పు ఇచ్చేవారి మీద పెట్టింది. అంటే అప్పట్లో సంరక్షకులే నిర్ణయించేవారు, తర్వాత ఎవరైనా ప్రశ్నిస్తే కోర్టు చూసేది. పెద్ద జమీందారీలకు దారి వేరు. వారసుడు మైనరైతే మద్రాసు ప్రెసిడెన్సీలో ‘కోర్ట్ ఆఫ్ వార్డ్స్’ ఎస్టేటును తన నిర్వహణలోకి తీసుకునేది, 1902లో దానికో చట్టమూ వచ్చింది. జమీందారు బిడ్డకు అంత కాపలా, రైతు బిడ్డకు తల్లి విచక్షణ ఒక్కటే. 1956 చట్టం ఈ తేడాను చెరిపి, అర సెంటు స్థలానికైనా జడ్జి ముందస్తు అనుమతి ఉండాలంది. సూత్రంగా ఇది మెచ్చదగిన మార్పు. ఆచరణలో జమీందారుకు తగిన యంత్రాంగం లేకుండా, జమీందారుకు తగిన నిబంధన మాత్రం సామాన్యుడికి వచ్చింది.

పిల్లల వాటా ఎంతో తల్లులకే చాలాసార్లు తెలియదు. ఇల్లు తండ్రి స్వార్జితం అనుకుందాం. వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసులు సమానంగా పంచుకుంటారు. భార్య, కొడుకు, కూతురు ఉంటే తలా మూడో వంతు. చనిపోయిన వ్యక్తి తల్లి బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా, అప్పుడు నలుగురికీ తలా పావు. నాయనమ్మ ఉందన్న సంగతి మరచి రాసిన దస్తావేజులు తర్వాత కోర్టుకెక్కుతుంటాయి. తాత మాత్రం మొదటి తరగతి వారసుడు కాడు. ఇక ఆస్తి పిత్రార్జితమై, తండ్రికీ పిల్లలకూ ఉమ్మడి హక్కు ఉన్నదైతే లెక్క పూర్తిగా మారుతుంది. 2005 సవరణ తర్వాత కూతురు కూడా పుట్టుకతోనే హక్కుదారు. కాబట్టి తండ్రి చనిపోయిన క్షణంలో పంపకం జరిగినట్టు భావిస్తే తండ్రికి, కొడుక్కి, కూతురికి తలా మూడో వంతు. మన ప్రాంతంలో అనుసరించే సంప్రదాయంలో ఈ పంపకంలో భార్యకు వేరే వాటా లేదు. తండ్రికి వచ్చిన మూడో వంతును మళ్లీ భార్య, కొడుకు, కూతురు, తల్లి నలుగురూ పంచుకుంటారు. చివరకు కొడుకుకు పన్నెండింట ఐదు వంతులు, కూతురికి పన్నెండింట ఐదు, నాయనమ్మకు ఒకటి, భార్యకు ఒకటి. ‘నా పొలం అమ్ముకుంటున్నాను’ అనుకునే ఆ తల్లి నిజానికి పన్నెండింట ఒక వంతుకే యజమాని. పది వంతులు పిల్లలవి.

ఇక్కడే చట్టంలో ఒక పెద్ద మినహాయింపు ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో విడిపోని వాటాకు సహజ సంరక్షకులంటూ ఉండరని 6, 12 సెక్షన్లు చెబుతాయి. కుటుంబంలో వయసు వచ్చిన సభ్యుడు నిర్వహిస్తున్నంత కాలం అలాంటి వాటాకు వేరే గార్డియన్‌ను నియమించనక్కర్లేదు. అందుచేత కుటుంబ అవసరం కోసం ఉమ్మడి కుటుంబ నిర్వాహకుడైన కర్త ఆస్తి అమ్మినప్పుడు మైనర్ వాటాకు 8వ సెక్షన్ అనుమతి అక్కర్లేదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన దస్తావేజు లేఖరులు నమ్ముకున్నది ఈ మినహాయింపునే. చిక్కు ఏమిటంటే ఇది వాళ్లనుకున్నంత విశాలం కాదు. తండ్రి స్వార్జితం వారసత్వంగా వస్తే అది కొడుకు చేతిలో ఉమ్మడి ఆస్తి కాదని, సొంత ఆస్తేనని 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే పట్నంలో తండ్రి జీతంతో కొన్న ఫ్లాటుకు ఈ మినహాయింపు పనికిరాదు. పిత్రార్జితమే అయినా, తండ్రి పోయాక కర్త ఎవరు? భార్య ఉమ్మడి హక్కుదారు కాదు కాబట్టి కర్త కాలేదని 1965లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కూతురు కర్త కావచ్చని 2015లో ఢిల్లీ హైకోర్టు అంది కానీ ఆ కూతురికి పదేళ్లయితే ఆ తీర్పు ఏం సాయపడుతుంది? 12వ సెక్షన్‌లో ఉన్న మాట ‘వయసు వచ్చిన సభ్యుడు’, తల్లి ఆ మాట కిందికి వస్తుందన్న వాదనా ఉంది. పైగా తండ్రి వాటా నుంచి వారసత్వంగా వచ్చిన పన్నెండో వంతు ఒక రకం హక్కు, పుట్టుకతో వచ్చిన మూడో వంతు మరో రకం. ఒకే బిడ్డకు, ఒకే చేనులో, రెండు రకాల హక్కులు. ఇంత సన్నని గీత మీద నడిచి లక్షలు పెట్టి కొనడం కంటే, అనుమానం ఉన్నచోట అనుమతి తెచ్చుకోమనడమే నిజాయతీ గల సలహా.

సంతకం ఎవరు పెట్టాలన్నది మరో గందరగోళం. తండ్రి, ఆయన తర్వాత తల్లి సహజ సంరక్షకులు. 1999లో గీతా హరిహరన్ కేసులో ‘తర్వాత’ అంటే తండ్రి చనిపోయాకనే అని అర్థం కాదని, తండ్రి లేనప్పుడు, పట్టించుకోనప్పుడు కూడా తల్లి సంరక్షకురాలే అవుతుందని సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. తల్లిదండ్రులిద్దరినీ సమాన సంరక్షకులుగా గుర్తించాలని లా కమిషన్ 1989లో ఒకసారి, 2015లో మరోసారి సిఫారసు చేసింది. చట్టంలో అక్షరం మారలేదు. తండ్రి పోయిన ఇంట్లో పెత్తనం చేసేది పెదనాన్నో, బాబాయో, మేనమామో అయినా చట్టం దృష్టిలో వారికి ఏ అధికారమూ లేదు. కేవలం చూసుకుంటున్నానన్న కారణంతో మైనర్ ఆస్తితో లావాదేవీ చేయడాన్ని 11వ సెక్షన్ నిషేధించింది. అలా జరిగిన అమ్మకం మొదటినుంచీ చెల్లనిదేనని, దాన్ని రద్దు చేయించుకోనక్కర కూడా లేదని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు అనుమతి లేకుండా తల్లి రాసిన అమ్మకం దస్తావేజు కంటే బాబాయి నమ్మకంగా పెట్టిన సంతకమే బలహీనం. మన ఊళ్లలో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన నమ్మకం పాతుకుపోయి ఉంది. ముస్లింలలో పరిస్థితి వేరు. ఆస్తికి సంరక్షకులు తండ్రి, ఆయన నియమించిన వ్యక్తి, తండ్రి తండ్రి. తల్లికి పిల్లల స్థిరాస్తి అమ్మే అధికారం లేదని 1918లోనే ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. కాబట్టి ముస్లిం తల్లి ముందు 1890 చట్టం కింద తనను గార్డియన్‌గా నియమించమని కోర్టును అడగాలి, తర్వాత అమ్మకానికి అనుమతి అడగాలి. క్రైస్తవ కుటుంబాలకూ ఆ పాత చట్టమే దిక్కు.

అనుమతి లేని దస్తావేజు ఎంతకాలం ప్రమాదంలో ఉంటుంది? కాలపరిమితి చట్టం 60వ అధికరణం ప్రకారం బిడ్డ మేజరైన నాటినుంచి మూడేళ్లలోపు రద్దు దావా వేయవచ్చు. రెండేళ్ల పాప వాటా ఉన్న ఇల్లు కొన్నవాడు పంతొమ్మిదేళ్లు ఎదురుచూడాలి. రద్దు కోరకుండా కేవలం స్వాధీనం అడిగితే కుదరదని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. గడువు దాటితే అమ్మకం నిలబడుతుంది. ఇక్కడ 2025 అక్టోబరులో వచ్చిన తీర్పు కొత్త మలుపు. కర్ణాటకలోని దావణగెరె స్థలాల వివాదంలో, తండ్రి కోర్టు అనుమతి లేకుండా అమ్మేస్తే మైనర్లు పెద్దయ్యాక దావా వేయనక్కర్లేదని, అదే స్థలాన్ని మరొకరికి అమ్మడం లాంటి స్పష్టమైన చర్య ద్వారా కూడా పాత అమ్మకాన్ని గడువులోగా తోసిపుచ్చవచ్చని సుప్రీంకోర్టు పేర్కొంది. పిల్లల హక్కుకు ఇది బలం. కొనుగోలుదారుకు మాత్రం కొత్త బెంగ. కోర్టులో దావా ఉందా అని వెతికితే దొరకని వివాదం ఇకపై మరో దస్తావేజు రూపంలో ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ)లో బయటపడవచ్చు.

దీనికి బజారు కనిపెట్టిన మందులు ఏమంత పనిచేయవు. ‘పిల్లలు రేపు అభ్యంతరం చెబితే నేనే నష్టం భరిస్తాను’ అని తల్లి రాసే హామీ తల్లిని మాత్రమే కడుతుంది. ఆ మాట పిల్లల్ని కట్టదు. అప్పటికి ఆమె దగ్గర తిరిగి ఇవ్వడానికి ఏమీ మిగలకపోవచ్చు. పిల్లలు మేజర్లయ్యాక ధ్రువీకరణ దస్తావేజు రాయించుకోవడం చెల్లుబాటయ్యే పనే. కానీ పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రాడు ఆ కాగితానికి తన ధర తాను చెబుతాడు. ఆ రోజున భూమి ధర పదింతలైతే పాత లెక్కకు కట్టుబడమని ఎవరూ అతణ్ని ఒప్పించలేరు. మూడో మార్గం మైనర్ల వాటాను తల్లి ‘విడుదల’ చేసినట్టు రాయించుకోవడం. అదీ 8వ సెక్షన్ పరిధిలోకి వచ్చే బదిలీయే. కుటుంబ పంపకంలో మైనర్‌కు అన్యాయం జరిగితే దాన్ని తిరగదోడవచ్చని 1975లోనే సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి పంపక పత్రం కూడా పూర్తి కవచం కాదు. చివరికి ఈ అనిశ్చితి మూల్యం పిల్లలే చెల్లిస్తారు. ప్రమాదం ఉన్న ఆస్తికి కొనేవాడు తక్కువ ధర ఇస్తాడు. పిల్లల్ని కాపాడటానికి పుట్టిన నిబంధన పాటించకపోతే పిల్లల ఆస్తి ధరే పడిపోతుంది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇది ఎందుకు ఆగదు? 1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద ఆ అధికారి పని దస్తావేజు నమోదు చేయడం, హక్కు తేల్చడం కాదు. అమ్మేవారి హక్కు పత్రాలు చూడకుండా నమోదు చేయకూడదన్న తమిళనాడు నిబంధనను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేస్తూ ఈ మాటే మళ్లీ చెప్పింది. అందువల్ల ‘మైనర్ కుమారుని తరఫున తల్లి, సంరక్షకురాలు’ అని రాసిన దస్తావేజు మీద మామూలుగానే ముద్ర పడుతుంది. ముద్ర పడింది కాబట్టి అంతా సక్రమమేనని పేద కొనుగోలుదారు నమ్ముతాడు. ఆ నమ్మకం ఖరీదు పదేళ్ల తర్వాత తెలుస్తుంది.

నిజాయతీగా అనుమతి కోసం వెళ్లిన తల్లి అనుభవం మరో తీరు. పిటిషన్, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మార్కెట్ విలువ సర్టిఫికెట్, పత్రికా ప్రకటన, బంధువులకు నోటీసులు, తల్లి వాంగ్మూలం, వాయిదాలు. ఈలోగా కొనేవాడు వెనక్కి తగ్గుతాడు. కోర్టు అనుమతి ఇచ్చినా సాధారణంగా మైనర్ వాటా సొమ్మును జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమంటుంది, వడ్డీని చదువుకు వాడుకోనిస్తుంది. 1890 చట్టంలోని 31వ సెక్షన్ బహిరంగ వేలం, పెట్టుబడి లాంటి షరతులు పెట్టే అవకాశం కోర్టుకు ఇచ్చింది. అనుమతి పొందిన తల్లి ఆ సొమ్ము ఏం చేసిందో, డిపాజిట్ నిజంగా వేసిందో లేదో తర్వాత చూసే యంత్రాంగం మాత్రం పెద్దగా లేదు. కోర్టు నియమించిన గార్డియన్‌ను లెక్కలు అడగవచ్చు. సహజ సంరక్షకురాలి విషయంలో ఉత్తర్వులో రాసిన షరతే దిక్కు. డిపాజిట్టే సరైన జవాబా అన్నదీ చర్చించాల్సిందే. హైదరాబాద్ శివార్లలో పదిహేనేళ్ల కిందట అమ్మి బ్యాంకులో వేసిన డబ్బును, అమ్మకుండా ఉంచిన పొలం పక్కన పెట్టి చూస్తే పిల్లలకు మిగిలింది నష్టమే. అలాగని తినడానికి లేని ఇంట్లో ‘భూమి ధర పెరుగుతుంది, ఆగండి’ అని చెప్పడం సలహా అనిపించుకోదు.

ఇతర దేశాలు ఈ సమస్యను భిన్నంగా ఎదుర్కొన్నాయి. ఇంగ్లండ్‌లో 1925 చట్టం తర్వాత మైనర్ పేరున భూమి ఉండనే ఉండదు. హక్కు ధర్మకర్తల చేతిలో ఉంటుంది. కొనేవాడు ఇద్దరు ధర్మకర్తలకు డబ్బు కడితే భూమి మైనర్ హక్కు నుంచి విముక్తమై కొనేవాడికి స్వచ్ఛంగా వస్తుంది, మైనర్ హక్కు ఆ డబ్బు మీదికి మారుతుంది. కోర్టుకు వెళ్లే పనే లేదు. చూడటానికి ఇది ముచ్చటైన ఏర్పాటు. మన దగ్గర ఆ ఇద్దరు ధర్మకర్తలు ఎవరవుతారో ఊహిస్తే, చాలా ఇళ్లలో పెదనాన్న, బాబాయి అన్నదే జవాబు. కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. జర్మనీలో తల్లిదండ్రులు పిల్లల భూమి అమ్మాలంటే కుటుంబ న్యాయస్థానం అనుమతి తప్పనిసరి. భూమి అమ్మకం నోటరీ ముందే జరగాలి, అనుమతి అవసరమన్న సంగతి నోటరీ పార్టీలకు చెప్పితీరాలి. అనుమతి రాకుండా ఒప్పందం అమల్లోకి రాదు. అక్కడ పంతొమ్మిదేళ్ల ఎదురుచూపు లేదు. కొనేవాడికి మొదటి రోజే తెలుస్తుంది. మన చట్టానికీ జర్మన్ చట్టానికీ ఉద్దేశంలో తేడా లేదు, తేడా అంతా నమోదు దగ్గరే. జపాన్ ఇంకో కోణం చూసింది. పిల్లల ఆస్తి అమ్మడానికి తల్లిదండ్రులకు మామూలుగా కోర్టు అనుమతి అక్కర్లేదు. అయితే తండ్రి పోయి, తల్లీ బిడ్డా ఇద్దరూ వారసులైనప్పుడు ఆస్తి పంపకంలో తల్లి బిడ్డ తరఫున మాట్లాడకూడదు. కుటుంబ న్యాయస్థానం ప్రత్యేక ప్రతినిధిని నియమిస్తుంది. తల్లి చెడ్డదని కాదు. ఒకే చేత్తో ఇచ్చి, ఒకే చేత్తో పుచ్చుకోకూడదన్నది సూత్రం. ఫ్రాన్స్ 2016 నుంచి అమల్లోకి వచ్చిన సంస్కరణతో ఒంటరి తల్లి లేదా తండ్రి మీద ప్రత్యేకంగా ఉన్న కోర్టు నిఘా తీసేసింది. పిల్లల ఇల్లు అమ్మడం లాంటి పెద్ద పనులకు మాత్రం అందరికీ జడ్జి అనుమతి ఉంచింది. మన చర్చలో వినిపించని ఒక మాట ఈ ఫ్రెంచి నిర్ణయంలో ఉంది. తండ్రి పోయిన ఇంట్లో తల్లిని అనుమానించడం వేరు, పిల్లల ఆస్తిని కాపాడటం వేరు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ట్రస్టు లేకుండా మైనర్‌కు ఆస్తి వస్తే కోర్టు నియమించిన సంరక్షకుడు బాండు ఇచ్చి లెక్కలు చూపాలి. అక్కడి తెలుగు కుటుంబాలకు ఈ పద్ధతి తెలుసు, దాంతో ఒక పొరపాటూ జరుగుతుంటుంది. స్థిరాస్తికి అది ఉన్న చోటి చట్టమే వర్తిస్తుంది. పిల్లలు అమెరికా పౌరులైనా విజయవాడలో స్థలం అమ్మడానికి డల్లాస్ కోర్టు ఉత్తర్వు చాలదు, విజయవాడ కోర్టు గడప ఎక్కాల్సిందే.

మన దగ్గర అనుమతి నిబంధనే తీసేయాలన్న వాదన కొనుగోలుదారుల వైపు నుంచి, కొందరు వకీళ్ల నుంచి వినిపిస్తుంది. తల్లికి లేని ప్రేమ జడ్జికి ఉంటుందా అన్నది వారి ప్రశ్న. భావోద్వేగంగా బలమైన ప్రశ్నే. కానీ భర్త పోయిన ఇంట్లో ఆస్తి అమ్మించేది చాలాసార్లు తల్లి ఇష్టం కాదు. అప్పులవాళ్ల ఒత్తిడి, అత్తింటివారి పట్టు, తక్కువ ధరకు కాజేయాలని చూసే పక్క రైతు. అలాంటి చోట ‘కోర్టు ఒప్పుకోవాలి’ అన్న మాట ఆమెకు ఒక అండ. కాబట్టి నిబంధన ఉండాలి. మారాల్సింది అది పనిచేసే చోటు.

మొదటిది, హక్కు రికార్డులో మైనర్ వాటా కనిపించాలి. తెలంగాణ భూభారతిలోనైనా, ఆంధ్రప్రదేశ్ వెబ్‌ల్యాండ్‌లోనైనా వారసత్వ నమోదు జరిగినప్పుడు మైనర్ పుట్టినతేదీ, ఏ రోజుకు మేజరవుతారన్నది రాయాలి. దస్తావేజును ఆపే అధికారం సబ్ రిజిస్ట్రార్‌కు ఇవ్వనక్కర్లేదు. ఈసీలో ‘మైనర్ వాటా, కోర్టు ఉత్తర్వు సంఖ్య లేదు’ అన్న ఒక్క హెచ్చరిక చాలు. కొనేవాడు కళ్లు తెరిచి కొంటాడు, బ్యాంకు అప్పు ఇవ్వదు. రెండోది, అనుమతి విచారణకు గడువు, చిన్న ఆస్తులకు సులువైన దారి. నిర్ణీత విలువలోపు ఆస్తి అయితే జర్మనీలోలాగా జడ్జికి బదులు శిక్షణ పొందిన న్యాయాధికారి చూడవచ్చు. మూడోది, ఇంగ్లండ్ పద్ధతిలోని సారాన్ని మన తీరులో వాడుకోవడం. కొనేవాడు మైనర్ వాటా సొమ్మును తల్లి చేతికి ఇవ్వకుండా కోర్టు పేర్కొన్న ఖాతాలో నేరుగా జమ చేస్తే, అతని హక్కును తర్వాత ఎవరూ ప్రశ్నించలేరన్న రక్షణ ఉండాలి. దీనికి పూర్వోదాహరణ మన చట్టంలోనే ఉంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి అమ్మే అర్హత ఉన్నవారు లేనప్పుడు కలెక్టర్ పరిహారాన్ని విచారణ ప్రాధికార సంస్థ దగ్గర జమ చేయాలి. ప్రభుత్వం కొంటే ఉన్న ఆ జాగ్రత్త, ప్రైవేటు వ్యక్తి కొంటే ఎందుకు ఉండకూడదు? నాలుగోది, తల్లీ బిడ్డలు ఒకే ఆస్తిలో వాటాదారులైనప్పుడు జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఒక న్యాయవాదిని బిడ్డ తరఫున పంపాలి. ఇది ఖర్చుతో కూడిన పనే. అయితే ఆ తర్వాత ఇరవై ఏళ్లు నడిచే వ్యాజ్యం కంటే చౌక.

తల్లిదండ్రులు చేయగలిగిందీ ఉంది. పుట్టినరోజు కానుకగా పిల్ల పేరున ప్లాటు కొనేవారు, రేపు అవసరానికి అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలని తెలిసే కొనాలి. కొనడానికి ఏ అనుమతీ అక్కర్లేదు, కాబట్టే చాలామంది మోసపోతారు. వీలునామా రాసేవారు పిల్లల పేర్లు రాసి ఊరుకోకుండా కార్యనిర్వాహకుణ్ని నియమించి, ఏ పరిస్థితిలో అమ్మవచ్చో, డబ్బు ఎక్కడ ఉంచాలో కూడా రాయాలి. నలభై ఏళ్ల మనిషికి వీలునామా ఎందుకన్న సంకోచం మన ఇళ్లలో బలంగా ఉంది. ఈ వ్యాసంలో చెప్పిన కష్టాల్లో సగం ఆ సంకోచం వల్లే వస్తున్నాయి.

వారసత్వం, మైనర్లు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితా అంశాలు. కూతుళ్లకు పిత్రార్జితంలో సమాన హక్కు ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985లోనే, కేంద్రం కంటే ఇరవై ఏళ్ల ముందే, హిందూ వారసత్వ చట్టాన్ని సవరించుకుంది. మైనర్ల వాటా విషయంలోనూ రెండు తెలుగు రాష్ట్రాలు ఢిల్లీ కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు. రికార్డుల్లో మైనర్ల నమోదు, ఈసీలో హెచ్చరిక అనే మొదటి మెట్టుకు పార్లమెంటు చట్టం అవసరం రాదు. రెవెన్యూ, రిజిస్ట్రేషన్ శాఖలు కూర్చుని మాట్లాడుకుని ఈ పని వెంటనే మొదలుపెట్టాలి.